కొస నుంచి మొదటికి

గొర్రెల ఉన్ని కత్తిరించేవాణ్ణి నేను.
ఈ హోర్తోబాజ్ మైదానంలో ముప్ఫై రెండు వేసవులు
కత్తెర పట్టి బతికాను.
కుక్కని కత్తిరించమని మాత్రం
నిన్నటిదాకా ఎవరూ అడగలేదు.

ఎతెల్కా తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని తెచ్చింది,
జడలు నేలని ఊడ్చే పూలీ కుక్కని.
"తన బరువు తనే మొయ్యలేకపోతోంది, ఓడొన్.
కార్సగ్ డాక్టరు తీసేయమన్నాడు."
ఆ మాట నాతో కాదు,
బండి చక్రంతో చెప్పింది.

దాని పేరు కొరొమ్. అంటే మసి.
పుట్టిన వారానికి చూశాను దాన్ని.
పొయ్యి గొట్టంలోంచి జారిపడ్డ ముద్ద.
ముట్టుకుంటే చేతికంటుతుందేమో అనిపించే నలుపు.
మే నెలలో పోప్లార్ చెట్లు వదిలే దూది ఉంటుందే,
దాన్ని సిరాలో ముంచినట్టు.

ఏడాది తిరక్కముందే ఉండలు కట్టింది.
తెలియనివాళ్ళు చిక్కు పడిందంటారు.
రోజూ సాయంత్రం రేడియోలో వాతావరణం వింటూ
ఎతెల్కా ఆ ఉండల్ని వేళ్ళతో చీల్చేది,
పాయ తర్వాత పాయ.
దువ్వెన ఇంట్లోకి రానివ్వలేదు.
చీల్చిన చోటల్లా పీచు తనంతట తనే పెనవేసుకుని
తాడయ్యేది.
స్నానం చేయిస్తే రెండు రోజులు ఆరదు.
ఇల్లంతా తడిగొర్రె కంపని
బెర్తలాన్ గొణిగేవాడు, ఉన్నన్నాళ్ళూ.

మొదటి జడ తెగి చేతిలోకొచ్చింది.
మూరెడు. ఏతం బావి తాడులా గరుకు.
వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను, అలవాటు కొద్దీ.
ఏ నెలలో గడ్డి దొరకలేదో, ఏ నెలలో జ్వరం వచ్చిందో
గొర్రె చెప్పకపోయినా పోగు చెబుతుంది.
కానీ గొర్రెది ఏడాది కథే, ఏటా కోసేస్తాం.
ఇది పదమూడేళ్ళు, తెగకుండా.

కొస ఎండకి తుప్పు పట్టింది.
గోటితో చీలిస్తే లోపల చిటికెడు మసి,
ఇంకా మెత్తగా.
కూనగా ఉన్నప్పటి బొచ్చు అక్కడే దాక్కుంది.
కిందికి వస్తే ఇటుక రంగు,
ఉప్పునేల పగుళ్ళు విచ్చిన కరువు వేసవిది.
అందులో ఒక గడ్డిగింజ, బయటికి దారి దొరక్క.
ఇంకా కిందికి వస్తే
వేలెడు మేర రెండు జడలు ఒకటైపోయి
అట్టలా గట్టిపడ్డాయి.

"ఇదెప్పటిది?"
ఆమె లెక్కపెట్టుకోలేదు.
"బెర్తలాన్ పోయిన చలికాలం.
అప్పుడు దాని మీద చెయ్యి వెయ్యలేదు నేను."

చర్మం దగ్గరికి వచ్చేసరికి ముగ్గుబుట్ట.
మొదలంటే పాతదనుకుంటాం.
వెంట్రుకకి మొదలే కొత్తది.
ముసలితనమే దానికి నిన్న మొలిచింది,
పసితనం ఎప్పుడో కొసకి వెళ్ళిపోయింది.
నా టోపీ కిందున్నదీ అంతేనేమో.
ఉన్నంతవరకు.

మధ్యాహ్నానికి కొరొమ్ కుందేలంతయింది.
పక్కటెముకలు, గులాబీ చర్మం, పల్చటి తెలుపు.
ఎతెల్కా అరచేత్తో నిమిరి ఆగిపోయింది.
"మెత్తగా ఉంది" అంది, ఎవరి మీదో ఫిర్యాదులా.

మందలోకి వదిలాం.
రాత్స్కా గొర్రెలు మెలికల కొమ్ములెత్తి చూశాయి,
ఎవరిదీ ఈ పిల్లి అన్నట్టు.
పొట్టేలు కాలు నేలకేసి కొట్టింది.
కొరొమ్ మా వైపు తిరిగి చూసింది.
పరువు పోయినవాళ్ళ చూపది, నాకు తెలుసు.
తర్వాత మొరిగింది, ఒక్కసారి.
మంద మొత్తం ఒకే ఒంటిలా పక్కకి తిరిగి
దొడ్డి దారి పట్టింది.

సంచిలో నాలుగు కిలోల జడలు మిగిలాయి.
"వీటినేం చెయ్యను?" అంది ఎతెల్కా.
గొర్రె ఉన్నయితే
కిలోకి ఇంతని చెప్పేవాణ్ణి.